కుర్చీ వేసి టీ ఇచ్చారంటే

మే 5, సోమవారం

ఈ రోజు నుంచి నేను సూపర్‌వైజర్‌ని. చిలకలూరిపేట స్పిన్నింగ్ మిల్లు, దారం వడికే రింగ్ ఫ్రేముల షెడ్డు, పొద్దున ఆరు నుంచి రెండు దాకా షిఫ్టు, పద్నాలుగు మంది ఆడవాళ్లు. మూడు నెలలు ట్రయల్. మొన్నటిదాకా ల్యాబ్‌లో కూర్చుని దారం ఎంత లాగితే తెగుతుందో చూసేదాన్ని. ల్యాబ్‌లో ఏసీ ఉండేది. దారం ఎదురు మాట్లాడేది కాదు.

ఇలాంటప్పుడు ఏం చేయాలో అడగడానికి మా ఇంట్లో నాకంటే ముందు చదివినవాళ్లు లేరు. నాన్నకు ఫోన్ చేస్తే, "గట్టిగా అరిచి చెప్పు, వింటారు" అన్నాడు. ఆయన మీద జీవితమంతా ఎవరో ఒకరు అరిచారు. ఆయనకు తెలిసిన సూపర్‌వైజర్ పని అదొక్కటే.

మధ్యాహ్నం ఓనరు గారి అబ్బాయి కృష్ణచైతన్య గారు మాకు క్లాసు చెప్పారు. క్లాసు పేరు "భావోద్వేగ వివేకంతో నాయకత్వం". స్లయిడ్ మీద ఒక గుండె, ఒక మెదడు చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డాయి. గుండెకు చేతులుంటాయని బీఎస్సీలో మాకెవరూ చెప్పలేదు. రెండో షిఫ్టు సూపర్‌వైజర్ మస్తాన్‌రావు గారు కళ్లు తెరిచి నిద్రపోయారు. మూడో షిఫ్టు సర్దార్ గారు అంత కష్టపడలేదు, మూసుకునే పడుకున్నారు. నేను నోట్సు రాసుకున్నాను.

చివర్లో ఆయన ఫోన్ తీసి ఏఐ చూపించారు. "మనుషులతో ఎట్లా మాట్లాడాలో తెలియకపోతే దీన్ని అడగండి" అన్నారు.

మస్తాన్‌రావు గారు లేచి, "మనుషుల్నే అడిగితే సరిపోద్ది గదండీ" అన్నారు.

అందరూ నవ్వారు. నేను ఇంటికొచ్చి దాన్ని ఫోన్లోకి దించుకున్నాను.

మే 6

ఒక సంగతి రాయాలి. నేను అద్దెకుండేది మణెమ్మ ఇంట్లో, వెనక గదిలో. మణెమ్మ పని చేసేది నా షిఫ్టులో. తెల్లారుజామున తలుపు బాది, "ఏమే ప్రిస్కిల్లా, మోటారు ఆపకుండా పడుకున్నావా, ట్యాంకు పొర్లి వీధంతా చెరువయింది" అని నన్ను తిడుతుంది. ఆరింటికి ఆమె పని సరిగ్గా ఉందో లేదో నేను చూడాలి.

ఇందులో ఇబ్బందేమీ లేదు.

మే 8

షిఫ్టు మొదలయ్యే ముందు నాలుగు మంచి మాటలు చెబుదామనుకుని ఏఐతో రాయించాను. షెడ్డులో ఫ్రేముల మోతకు ఏమీ వినపడదు, అందుకని బయట నీళ్ల క్యాన్ల దగ్గర అందర్నీ నిలబెట్టి చదివాను. "ప్రియమైన బృంద సభ్యులారా, మీ అలుపెరుగని అంకితభావం నా హృదయాన్ని స్పృశిస్తోంది."

గుల్జార్ బేగం తల మీద కొంగు సర్దుకుని, "ఎవురు పోయారమ్మా?" అంది.

"ఎవరూ పోలేదు అత్తా. మీ గురించే."

"అట్టా చదివితే ఎవురో పోయారనుకున్నా."

"పోయినోళ్లకి కూడా ఇంత బాగా చదవరు" అంది మణెమ్మ.

షెడ్డు లోపల వీళ్లంతా సైగలతో మాట్లాడుకుంటారు. మేనేజర్ చంద్రమౌళి గారంటే పొట్ట మీద చెయ్యి గుండ్రంగా తిప్పడం. ఈ రోజు నుంచి నాకూ ఒక సైగ పుట్టింది. అరచెయ్యి మొహానికి ఎదురుగా పెట్టుకుని, దాన్నే చూస్తూ నడిచి, గోడకు గుద్దుకోవడం.

నేనేమీ బాధపడలేదు.

మే 9

ఏఐకి జరిగింది చెప్పాను. అది నన్ను ఓదార్చబోయింది, వద్దన్నాను. అప్పుడు అడిగింది: "వాళ్లు ఒకరినొకరు మామూలుగా ఎలా మెచ్చుకుంటారు?"

చాలాసేపు ఆలోచించాను. మెచ్చుకోరు. నేను విన్నవాటిలో పెద్ద మెప్పు నిన్న మణెమ్మ దీపశ్రీని అన్నది. దీపశ్రీ చేరి రెండు వారాలే అయింది, తెగిన దారాన్ని ఒక్కసారికే అతికింది. "బతికిపోయినావు పో" అంది మణెమ్మ. ఆ పిల్ల షిఫ్టంతా వెలిగిపోతూ తిరిగింది.

మే 11, ఆదివారం, మా ఊరు ఈపూరు

ఏఐతో పైకి మాట్లాడుతుంటే అమ్మ వింది.

"ఎవరే ఆ పిల్లోడు?"

"పిల్లోడు కాదమ్మా, ఏఐ. కంప్యూటరు."

"యాడుంటాడు?"

"ఎక్కడా ఉండడు."

"ఉండనోడితో నీకు మాటలేంది? చర్చికొస్తాడా?"

"రాడు."

"చానా మర్యాదగా మాట్లాడతన్నాడు" అంది అమ్మ అనుమానంగా. "అంత మర్యాదగా మాట్లాడేవాడికి ఏదో కావాల."

మా అమ్మ పేరు ఆరోగ్యమ్మ. ఆమెకు చదువు రాదు. ఈ మాట ఎందుకు రాశానో తెలియదు.

మే 19

చంద్రమౌళి గారు పిలిచారు. కొత్త ఫ్రేములు వస్తున్నాయట, నా షిఫ్టులో ఒక మనిషి తగ్గాలట.

"నెలాఖరుకి ఒక పేరు చెప్పు. కాయితం మీద సంతకం నీదే."

"మీరే చెప్పొచ్చు కదా సార్?"

"నేను చెప్తే పద్నాలుగు మందీ మా ఇంటి ముందుకొచ్చి కూర్చుంటారు. మా ఇల్లు వాళ్లకి తెలుసు."

"నా ఇల్లూ తెలుసు సార్." అది వాళ్లలో ఒకరి ఇల్లే అని చెప్పలేదు.

"నీ ట్రయల్ సంగతి కూడా ఆ రోజే చూద్దాం" అన్నారు.

నాకు భయమేమీ వేయలేదు. అన్నం సహించలేదు, అది ఎండకు.

మే 20

ప్రతి ఫ్రేము మీదా ఎంత దారం తీసిందో అంకె పడుతుంది. ఈ నెలలో ఇప్పటిదాకా ఎవరి ఫ్రేములు ఎంత తీశాయో అన్నీ ఏఐకి ఇచ్చి, ఎవర్ని తీసేయాలి అని అడిగాను. పేర్లు రాయలేదు, ఒకటి నుంచి పద్నాలుగు దాకా నంబర్లు వేశాను. ఎందుకో అలా చేయడమే మర్యాదనిపించింది.

అంకెల్లో అందరికంటే తక్కువ తొమ్మిదో నంబరు అంది. ఒక్క నెల చూసి ఏమీ చెప్పలేమని, పాత నెలలవి కూడా ఉంటే ఇవ్వమని, తొమ్మిదో నంబరు మనిషితో ఒకసారి మాట్లాడమని కూడా అంది. ఆ భాగం నేను సరిగ్గా చదవలేదు.

తొమ్మిది మణెమ్మ.

"అంటే తొమ్మిదిని తీసేయమంటున్నావు" అని రాశాను.

"నేను అలా అనలేదు. ఎవరి అంకె తక్కువో మాత్రమే చెప్పాను. నిర్ణయం మీది" అంది.

ఇదీ చంద్రమౌళి గారిలాగే తయారైంది. ఎవరూ సంతకం పెట్టరు.

మే 21

సాయంత్రం మణెమ్మ చేపల పులుసు గిన్నె తెచ్చి నా గది గుమ్మంలో పెట్టి, "గిన్నె కడిగి ఇయ్యి, పోయిన తూరి ఇచ్చినట్టు జిడ్డుతో ఇయ్యమాక" అని పోయింది.

తిన్నాను. పులుసుకూ అంకెలకూ సంబంధం లేదు.

మే 22

సరే, మాట్లాడతాను. ఎలా మాట్లాడాలని ఏఐని అడిగాను. ఒక్కొక్కరినీ విడిగా పిలవమంది. మోత లేని గదిలో, కూర్చోబెట్టి, తొందర లేకుండా. తాగడానికి ఏమైనా ఇస్తే మనసు తేలికపడుతుందంది. మీరు తక్కువ మాట్లాడి ఎక్కువ వినండి అంది.

ఇది మాత్రం నిజంగా బాగుంది. మణెమ్మ ఒక్కదాన్నే పిలిస్తే బాగుండదు. అందర్నీ పిలుస్తాను.

మే 23

రాయక తప్పదు.

ఆఫీసు పక్క గది అడిగి తీసుకున్నాను. కుర్చీ తుడిచాను. క్యాంటీన్ నుంచి ఫ్లాస్కులో టీ తెప్పించాను. మొదట గుల్జార్ బేగాన్ని పిలిచాను.

"కూర్చో అత్తా."

ఆమె కుర్చీ వైపు చూసింది. కూర్చోలేదు. నేను టీ పోసి ముందు పెట్టాను. ఆమె గ్లాసు వైపు చూసింది. నడుముకు దోపుకున్న చిన్న కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. మెడలో గుర్తింపు కార్డు తీసి దాని పక్కన పెట్టింది. "అల్లా ఉన్నాడులే అమ్మాయ్" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది.

ఏడ్చేంత మాట నేనేమన్నాను? కూర్చో అన్నాను.

గది కిటికీ అద్దంలోంచి షెడ్డు కనపడుతుంది. గుల్జార్ బేగం వెళ్తూ వెళ్తూ టీ తాగుతున్నట్టు బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించింది. ఆ బొటనవేలు ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకు నా కళ్ల ముందే షెడ్డు చివరిదాకా పోయింది. రెండో మనిషి గది గుమ్మం దాకా వచ్చి, టీ చూసి, వెనక్కి పరిగెత్తింది. మూడో మనిషి రానేలేదు.

మణెమ్మ మాత్రం పిలవకుండానే వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. గుల్జార్ బేగానికి పోసిన టీ తాగేసింది. గ్లాసు ముందుకు తోసి, "ఇంకోటి పొయ్యి" అంది.

పోశాను.

"ఎప్పట్నుంచి రావద్దు?"

"ఏంది పిన్నీ రావద్దు?"

"నాటకాలాడమాక. ఊరికే కుర్చీ ఎవుడేస్తాడే? పాత మేనేజరు పంపించేసిన వాళ్లందర్నీ ఇట్టాగే కూర్చోబెట్టాడు. మూడు నెలలు వరసగా అడుగునున్నోళ్లని పిలవడం, కుర్చీ, టీ, రేపట్నుంచి రావద్దమ్మా అనడం. నీకన్నా వాడే నయం, బిస్కట్టు కూడా పెట్టేవాడు."

"నాకు తెలవదు పిన్నీ, నిజంగా. ఊరికే మాట్లాడదామని."

"మాట్లాడాలంటే ఇంట్లో గోడ కొడితే పలకనా? ఇద్దరం ఒకే ట్యాంకు నీళ్లు తాగుతన్నాం." రెండో టీ సగం తాగింది. "సరే, పంపిస్తే పంపించు. ఒక మాట చెప్పిపోతా. ఈ నెల నా వంతని నన్ను పంపిస్తావు. పై నెల గుల్జారు వంతు, దాన్ని పంపిస్తావు. ఆ పై నెల ఉజ్వల వంతు. ఎంతమందిని పంపిస్తావు?"

"వంతేంది?"

గ్లాసు ఆగింది.

"నీకు తెలవదా?"

"తెలవదు."

"అంకెలు చూశావు గదే, అన్ని అంకెలు!"

"ఒక్క నెలవే చూశాను."

మణెమ్మ గ్లాసు కింద పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. ఎవరో ఒకరు ఎటూ అడుగున ఉండాల్సిందే. వరసగా మూడు నెలలు ఒకరే ఉంటే కదా పంపించేది. అందుకని నెలకొకరు అడుగున ఉంటారు. ఆ నెల వాళ్లు తెగిన దారాన్ని కాస్త నిదానంగా అతుకుతారు. గుల్జార్ బేగానికి మోకాళ్ల నొప్పులు, ఫ్రేము చుట్టూ గబగబా తిరగలేదు. వంతులు లేకపోతే ప్రతి నెలా ఆమే అడుగున ఉంటుంది. ఆమె వంతు కాని నెలల్లో పక్క ఫ్రేములవాళ్లు ఆమె దారాలు కూడా అతుకుతారు.

"పాత మేనేజరు పోయి నాలుగేళ్లయింది. మేం ఆపలా. మళ్లీ ఎవుడొస్తాడో ఏందో అని" అంది. లేచి, "నీకు తెలవదనుకోలా. తెలిసే పిలిచావనుకున్నా. నేను ఏమీ చెప్పలా, నువ్వేమీ వినలా" అంది. గుల్జార్ బేగం వదిలేసిన కత్తెర, కార్డు తీసుకుని పోయింది.

మే 24

పొద్దున ఎవరూ తలుపు బాదలేదు. లేటుగా లేచాను. మోటారు ఆమే ఆపేసినట్టుంది.

మిల్లు గేటు దగ్గర పద్నాలుగు మందీ నిలబడి ఉన్నారు, లోపలికి పోలేదు. రాత్రంతా టీ గురించి మాట్లాడుకున్నట్టున్నారు. గేటు వాచ్‌మన్ కూడా నన్ను జాలిగా చూశాడు.

నిన్న సాయంత్రమే ఏఐని దులిపేశాను. అది సాకులు చెప్పలేదు. "మీ మిల్లులో టీకి ఆ అర్థం ఉందని నాకు తెలియదు. ముందు అక్కడి అలవాట్లు అడిగి సలహా ఇవ్వాల్సింది. ఇప్పుడు వాళ్లకు కావలసింది మంచి మాటలు కాదు, జరుగుతున్నది ఏమిటో మీ నోట వినడం" అంది. ఏం చెప్పాలో రాసిపెట్టమన్నాను. రాస్తాను గానీ, చూసి చదివితే నీళ్ల క్యాన్ల దగ్గర జరిగినట్టే అవుతుందేమో అంది. నీళ్ల క్యాన్ల సంగతి గుర్తు చేయనక్కర్లేదు.

ఫోన్ సంచిలో పెట్టి మాట్లాడాను. "మేనేజర్ గారు ఒక పేరు అడిగారు. నేను ఇవ్వలేదు. టీ సంగతి నాకు తెలవదు. మనసు తేలికపడుతుందని ఫోన్లో చెబితే పోశాను."

గుల్జార్ బేగానికి నవ్వు ఆగలేదు. "తేలికపడిందిలే అమ్మాయ్. ఇంటికి పోయిందాకా కాళ్లు నేల మీద ఆనలా." అందరూ నవ్వుతూ లోపలికి పోయారు.

మణెమ్మ నవ్వలేదు. వెనక ఉండిపోయింది.

"పేరు ఇవ్వలేదా?"

"ఇంకా ఇవ్వలేదు పిన్నీ."

"ఇంకా అంటన్నావు" అని లోపలికి పోయింది.

మే 26

పాత నెలల అంకెలు తీసి చూశాను. ఏఐ అడిగినప్పుడే చూసి ఉంటే ఒక ఫ్లాస్కు టీ మిగిలేది. ప్రతి నెలా అడుగున ఒక కొత్త పేరు. ఎవరూ వెంటనే రెండోసారి లేరు. మా షిఫ్టులో క్యాలెండర్ కంటే పద్ధతిగా నడిచేది ఇదొక్కటే.

ఇది చంద్రమౌళి గారికి చెబితే పద్నాలుగు మందీ పోతారు. చెప్పకపోతే ఒక పేరు ఇవ్వాలి. పేరు ఇవ్వకపోతే నేను ల్యాబ్‌కి పోతాను, అదీ ఖాళీగా ఉంటే. నా కుర్చీలో అప్పుడే ఎవరో అబ్బాయి కూర్చున్నాడు.

ఏఐకి కూడా చెప్పలేదు. "నాకు తెలిసిన ఒక విషయం నేను ఎవరికీ చెప్పను" అని మాత్రం రాశాను.

"మంచిది, నేనూ అడగను. అది బయటపెట్టకుండా, అబద్ధం కూడా ఆడకుండా, మీరు ఏం చెప్పగలరో చూద్దామా?" అంది.

ఇన్నాళ్లలో అది అన్న మొదటి పనికొచ్చే మాట.

మే 28

రిహార్సల్. ఏఐని చంద్రమౌళి గారిలా మాట్లాడమన్నాను.

"ప్రిస్కిల్లా, మీ అభిప్రాయాన్ని పంచుకున్నందుకు ధన్యవాదాలు. అయితే నాకు కొంత నిరాశ కలిగింది."

ఆయన ఈ జన్మలో అలా అనడు, తిట్టు అని రాశాను. "మీ ప్రవర్తన ఏమాత్రం ఆమోదయోగ్యం కాదు" అంది. మా కోడిపుంజుకు ఇంతకంటే బాగా కోపం వస్తుంది. చివరికి ఆయన నన్ను, మస్తాన్‌రావు గారిని, క్యాంటీన్ పిల్లిని తిట్టినవన్నీ గుర్తు తెచ్చుకుని నేనే నేర్పించాను. అరగంటకు బాగా తయారైంది. "నీకు జీతమిచ్చేది దేనికి, దూది పీకడానికా? చదువుకున్నావని కుర్చీ ఇస్తే నెత్తినెక్కుతావా? మీ నాన్న ముఖం చూసి ఇచ్చానా ఉద్యోగం?"

చివరిది నేను నేర్పలేదు. అదే కల్పించింది.

ఏమీ టైప్ చేయలేదు. కాసేపటికి అదే ఆట ఆపి, "మీరు కాసేపు ఏమీ అనలేదు. ఆ మాట హద్దు దాటి ఉంటే క్షమించండి. ఇప్పుడు మీకెలా ఉంది?" అంది.

భయంగా ఉంది అని రాశాను. ఈ పుస్తకంలో భయం వేయలేదని రాయడమే తప్ప, ఉందని రాయడం ఇదే మొదటిసారి.

"దేనికి భయం?"

పేరు ఇచ్చేస్తానేమోనని.

మే 31, శనివారం

చంద్రమౌళి గారు ఫోన్లో వాళ్ల అమ్మాయి ఇంజనీరింగ్ సీటు గురించి మాట్లాడుతున్నారు. నన్ను చేత్తో ఆగమన్నారు. తిట్లకు సిద్ధపడి వెళ్లినదాన్ని, కంప్యూటర్ సైన్సులో ఏ కాలేజీ బాగుంటుందో విన్నాను.

ఫోన్ పెట్టి, "పేరు?" అన్నారు.

"ఇవ్వను సార్."

ఆయన తిట్టలేదు. చూస్తూ ఊరుకున్నారు. ఇది మేం ప్రాక్టీసు చేయలేదు.

"ఎందుకంటే సార్..."

"ఎందుకని అడిగానా నేను?"

ఇదీ చేయలేదు. ఇక రిహార్సల్ వదిలేశాను. "ఒక నెల అంకె చూసి మనిషిని పంపించడం తప్పు సార్. నేను కూడా ముందు అట్లాగే చూశాను. షిఫ్టు మొత్తం చూడండి. దారం లెక్కలో మూడు షిఫ్టుల్లో మాది రెండోది."

"రెండోదని అంత గొప్పగా చెప్తన్నావేంది?"

"గొప్పగా కాదు సార్, ఉన్నది చెబుతున్నాను. సంతకం నేను పెట్టను. మీరు పెడితే నేను ఆపలేను."

ఆయన పెన్ను తీసుకున్నారు. కాయితం వైపు, తర్వాత కిటికీ వైపు చూశారు. షిఫ్టు అయిపోయింది, గేటు దగ్గర ఆడవాళ్లు చెప్పులు దులుపుకుంటున్నారు. పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

"సరే. మనిషిని తగ్గించవు గదా, సూపర్‌వైజర్‌ని తగ్గిస్తా. ముగ్గురిలో ఎవరి షిఫ్టు వరసగా మూడు నెలలు అడుగునుంటే వాళ్లు ఇంటికి. జూన్ నుంచి లెక్క. ఈ రూలు ఎట్టా ఉంది?"

"బాగుంది సార్" అన్నాను.

ఆయనకు నా ముఖం అర్థం కాలేదు. బయటికొచ్చాక నాకూ నవ్వు ఎందుకొస్తోందో అర్థం కావడానికి కాసేపు పట్టింది.

జూన్ 2

మస్తాన్‌రావు గారిని, సర్దార్ గారిని గేటు బయట బడ్డీ దగ్గర కూర్చోబెట్టి చెప్పాను. నెలకొకరం అడుగున ఉందాం. ఎవరూ మూడు నెలలు వరసగా ఉండరు.

ఇద్దరూ నన్ను మొదటిసారి మనిషిని చూసినట్టు చూశారు.

"ఇది నీ ఫోన్ చెప్పిందా?" అన్నారు మస్తాన్‌రావు గారు.

"లేదండీ."

"మరెవరు చెప్పారు?"

"చెప్పను."

ఏఐని నిజంగానే అడగలేదు. అడిగితే చంద్రమౌళి గారి భావాలను కూడా గౌరవించమంటుంది.

"మరి మొదటి నెల ఎవరు?" అన్నారు సర్దార్ గారు. ఇద్దరూ బడ్డీ మీద వేలాడుతున్న అరటిపళ్లను చాలా శ్రద్ధగా చూడసాగారు.

"నేనే" అన్నాను.

ఇంటికొచ్చేసరికి మణెమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నావి కూడా, నేను బక్కెట్లో నానబెట్టి మరిచిపోయినవి. శనివారం జరిగింది చెప్పాను. ఈ రోజు మాట్లాడుకున్నదీ చెప్పాను. ఆమె చివరిదాకా క్లిప్పులు పెడుతూనే వింది.

"అందుకని పిన్నీ, ఈ నెల మన షిఫ్టు అడుగున రావాల. మీరందరూ కలిసి చెయ్యాల. నాకు ఎట్టా చెయ్యాలో తెలవదు."

మణెమ్మ ఆఖరి క్లిప్పు పళ్ల మధ్య నుంచి తీసింది.

"ఎంత అడుగున?" అంది.